సొరచేప శిరస్సును పరిశీలించిన నికొలాసు స్టెనో

కన్నులు కలిగియుండుట వేఱు, చూచుట వేఱు. ఒకే వస్తువు వేయిమంది యెదుట నుండినను, దానిని నిదానించి చూచి దాని తత్త్వమును గ్రహింపగలవాడు ఒక్కడు దొరకుట యరుదు. అట్లు చూచినవారిలో నికొలాసు స్టెనో యొకడు. గొఱ్ఱె తలయందును, సొరచేప తలయందును, కొండల ప్రక్కలనున్న మట్టి పొరలయందును ఆయన చూచిన సంగతులు అంతకుముందు ఎందఱి కన్నులనో పడినవే. ఆయన వానిని ఓపికతో చూచెను, చూచినంతవఱకే చెప్పెను, తెలియనిదానిని తెలియదని యొప్పుకొనెను. సృష్టిని పరీక్షించుటచేత దైవవిశ్వాసము సడలునేమోయని శంకించు విద్యార్థులును, వారి తలిదండ్రులును ఈయన చరిత్రమును తెలిసికొనుట మేలు.

స్టెనో డెన్మార్కు దేశపు ముఖ్యపట్టణమగు కోపెన్‌హేగనునందు, ఆ దేశమున నాడు వాడుకలోనున్న పాత పంచాంగము ప్రకారము 1638వ సంవత్సరము జనవరి 1వ తేదిని జన్మించెను. స్వభాషలో ఆయన పేరు నీల్స్ స్టెన్సెను. లాటిను భాషలో వ్రాసిన గ్రంథములవలన స్టెనో యను పేరు లోకమున నిలిచినది. డెన్మార్కు పేరు మన క్రైస్తవులకు క్రొత్తది కాదు. 1706లో తరంగంబాడి చేరిన జీగెన్‌బాల్గు, ప్లూషౌ అను మిషనరీలను పంపినది ఆ దేశపు రాజే. స్టెనో తండ్రి బంగారుపని చేయువాడు. కుటుంబము లూథరను సంఘమునకు చెందినది.

బాల్యమున స్టెనోకు సుఖము లేదు. మూడవ యేట నొక దీర్ఘవ్యాధి పట్టి ఆఱవ యేటివఱకు విడువలేదు. తోడిపిల్లలతో నాడుకొనవలసిన దినములలో ఆయన పెద్దల నడుమ గూర్చుండి వారి మాటలు వినుచుండెను. వ్యాధి నయమైన కొలదికాలమునకే తండ్రి మరణించెను. మఱి కొన్నియేండ్లకు, అనగా 1654, 1655 సంవత్సరములలో, కోపెన్‌హేగనులో ప్లేగు చెలరేగెను. స్టెనో చదువుచుండిన పాఠశాలలో 240 మంది విద్యార్థులు దానివలన చనిపోయిరని చెప్పుదురు. నిన్న ప్రక్కబల్లమీద గూర్చున్న మిత్రుడు నేడు లేడను సంగతి ఎన్నిసారులో కన్నులార చూచిన యా బాలునికి జీవితము అల్పకాలికమనియు, దానిని వ్యర్థపుచ్చరాదనియు దోచుట వింత కాదు.

1656లో ఆయన కోపెన్‌హేగను విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థిగా ప్రవేశించెను. అచ్చట శరీరశాస్త్రమున ప్రఖ్యాతుడగు తోమాసు బార్తొలిను గురువు. కాని చదువు చక్కగ సాగలేదు. 1658 మొదలు 1660 వఱకు స్వీడను సైన్యములు పట్టణమును ముట్టడించెను. ఫిరంగుల మ్రోత నడుమ 1659లో ఆ యువకుడు చదివిన గ్రంథముల సారమును, తన యాలోచనలను ఒక పుస్తకమున వ్రాసికొనుచుండెను. ఆ పుస్తకము నేటికిని ఉన్నది. ఒక విషయమునుండి మఱియొకదానికి గంతులు వేయు తన మనస్సును నిగ్రహించి, ప్రతి విషయమునకు తగిన వేళ నేర్పఱచుకొనవలెనని ఆయన అందు పాటుపడుట కనబడును.

ముట్టడి తీఱు కాలమున స్టెనో హాలెండు దేశమునకు బోయెను. ఆ దేశస్థులనే మన పూర్వులు ఒలందావారనిరి. ఆ దినములలో మన బందరునందును వారి వర్తకశాల యుండెను. ఆంస్టర్‌డాము పట్టణమున బ్లాసియసు అను పండితుని యింట నుండి చదువుకొనుచు, 1660వ సంవత్సరము ఏప్రిలు 7వ తేదిని స్టెనో ఒక గొఱ్ఱె తలను కోసి పరీక్షించుచుండెను. చెవిక్రింద నుండు లాలాజలగ్రంథినుండి నోటిలోనికి బోవు సన్నని నాళమొకటి ఆయన చేతిలోని సలాకకు తగిలెను. దానిని గురువునకు చూపగా గురువు మొదట కొట్టివేసెను. పిమ్మట ఆ నాళమును కనుగొన్నవాడను నేనే యని ప్రకటించెను. ఇరువదిరెండేండ్ల విద్యార్థికి ఇది చిన్న సంకటము కాదు. పేరుగల పండితుని మాట చెల్లునా, పరదేశస్థుడగు బాలుని మాట చెల్లునా? స్టెనో లైడెను విశ్వవిద్యాలయమునకు బోయి, గ్రంథులన్నిటిని వరుసగా శోధించి, తాను చూచినదానిని స్పష్టముగ వర్ణించి 1661లో ప్రకటించెను. ఆ వర్ణనమే సాక్ష్యమైనది. నేటికిని వైద్యవిద్యార్థులు ఆ నాళమును స్టెనో పేరుతోనే పిలుచుచున్నారు.

గ్రంథులను పరిశోధించుచు ఆయన కంటిని సమీపించెను. దుఃఖము గలిగినప్పుడు మెదడునుండి తేమ దిగి కన్నీరగునని అంతకుముందు పలువురు తలంచిరి. కంటిప్రక్క నుండు గ్రంథినుండి సన్నని నాళములద్వారా కన్నీరు స్రవించుననియు, కనుఱెప్ప కనుగుడ్డుమీద నిరాటంకముగ కదలుటకై అది కంటిని సదా తడుపుచుండుననియు, మిగిలిన నీరు ముక్కులోనికి బోవుననియు స్టెనో 1662లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. మనము ఏడ్చునప్పుడు ముక్కు కారుట యేలనో యిందువలన తెలియుచున్నది. తరువాత ఆయన గుండెను పరీక్షించి, అది ఉష్ణమునకు నివాసమగు నొక వింత యవయవము గాక, చేతికాళ్లయందలి కండవంటి కండయే యని చూపెను.

1665లో పారిసు నగరమున పండితుల సభలో మెదడునుగూర్చి ఉపన్యసించుచు, మెదడునుగూర్చి తనకు తెలిసినది ఏమియు లేదను మాటతోనే ఆయన ఆరంభించెను. ప్రసిద్ధ తత్త్వవేత్తయగు డెకార్టు మెదడు పనిచేయు విధమును ఊహించి వ్రాసిన సంగతులు, కోసి చూచినప్పుడు కనబడు దానితో సరిపోవుటలేదని ఆయన వినయముగనే గాని వెఱపులేక చెప్పెను.

1666లో స్టెనో ఇటలీ దేశమున టస్కనీ రాజ్యమునకు చేరెను. ఫ్లారెన్సు నగరమున రాజ్యమేలుచుండిన రెండవ ఫెర్డినాండు ప్రభువు ఆయనను ఆదరించి పరిశోధనకు వలయు వసతులు కల్పించెను. ఆ సంవత్సరము అక్టోబరు మాసమున లివోర్నో పట్టణమునకు సమీపమున జాలరులు మిక్కిలి పెద్దదగు సొరచేపనొకదానిని పట్టిరి. ఆ వార్త ప్రభువు చెవిని బడగా, దాని తలను ఫ్లారెన్సునకు తెప్పించి స్టెనోకు ఒప్పగించెను. శరీరము మిగులలేదు, తలమాత్రమే వచ్చెను. అది తెల్లసొర యను జాతికి చెందినదని నేటి శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు.

మన తీరమున సొరచేప నెఱుగనివారు లేరు. బాలింతలకు పాలు పడునని సొరపుట్టు వండిపెట్టుట మన యిండ్లలో వాడుకయే. ఐనను దాని కంటిని నిదానించి చూచినవారు మనలో ఎందఱు? స్టెనో ఆ తలలోని కన్నులను, మెదడును, కండరములను, చర్మమునందలి రంధ్రములను, దంతములను వరుసగా శోధించి తన పరిశీలనములను 1667లో ప్రకటించెను. అంతటి తలలో మెదడు మిక్కిలి చిన్నదిగ నుండుట ఆయనకు ఆశ్చర్యము కలిగించెను. ఆ గ్రంథమున ముద్రింపబడిన సొరచేప తల చిత్రము మాత్రము ఆయన వ్రాయించినది కాదు. అంతకు పూర్వశతాబ్దమున మెర్కాతి యను పండితుడు చేయించి, అచ్చుకాకుండ నుండిపోయిన చిత్రము అది.

స్టెనో చేతికి వచ్చిన యా కన్ను ఎంతటి యద్భుతమో, తరువాతి మూడున్నర శతాబ్దములలో పలువురు శోధించి తెలిసికొనిరి. ఆ సంగతులను కొంత చెప్పుకొందము. మనము చెఱువులో మునిగి కన్నులు తెఱచినయెడల సమస్తమును మసకగ కనబడును. గాలిలోనుండి వచ్చు వెలుతురు మన కంటి ముందుభాగమగు శుక్లపటలమును తాకి అచ్చట మిక్కిలి వంగును. వెలుతురును వంచు పనిలో సుమారు మూడింట రెండువంతులు అదియే చేయును. వెలుతురును వంచు శక్తియందు నీటికిని శుక్లపటలమునకును భేదమల్పమగుటచేత, నీటిలో నున్నపుడు అచ్చట వెలుతురు తగినంత వంగదు. సొరచేపకు ఈ చిక్కు లేదు. దాని కంటిలోని కటకము మన కటకమువలె అణగియుండక, గోలీవలె దాదాపు గుండ్రముగ నుండును. వెలుతురును వంచు భారమంతయు ఆ చిన్నగోళమే వహించును. అది నడుమ దట్టముగను, అంచులకు బోనుబోను పలుచగను ఉండుటచేత బింబము చెదరదు. దగ్గఱ వస్తువును చూడవలసినపుడు మన కటకము ఉబ్బును; సొరలలో కొన్ని జాతులు చిన్న కండరముచేత కటకమునే ముందునకు జరుపుకొనును.

సముద్రమున లోతునకు బోయినకొలది వెలుతురు తగ్గును. కావున ఉన్న కొలది వెలుతురును సొరచేప కన్ను వ్యర్థము కానీయదు. దృష్టిపటలమునకు వెనుక అద్దమువలె మెఱయు పొరయొకటి దానికి కలదు. దృష్టిపటలమున చిక్కక దాటిపోయిన వెలుతురు ఆ పొరను తాకి మరలివచ్చి, రెండవసారి దృష్టిపటలమున పడును. రాత్రివేళ లాంతరు వెలుగున పిల్లి కన్నులును, ఆవు కన్నులును మెఱయుట ఇట్టి పొరవలననే. సొరలలో కొన్ని జాతులయందు మఱియొక చమత్కారము గలదు. పగటివేళ వెలుతురు హెచ్చైనపుడు నల్లని రంగు ఆ యద్దముమీద ప్రాకి, కిటికీకి తెర దించినట్లు దానిని కప్పివేయును. మఱియు చాల చేపలకు కంటిపాప ఎప్పుడును ఒకే పరిమాణమున నుండగా, సొరచేప కంటిపాప మన కంటిపాపవలె వెలుతురునుబట్టి ముడుచుకొనుచు విప్పారుచునుండును.

సొరచేపకు ఱెప్పలున్నను అవి కంటిని పూర్తిగ మూయవు. పులిసొర మొదలగు కొన్ని జాతులకు క్రిందినుండి లేచి కంటిని కప్పు గట్టిపొర యొకటి కలదు. ఎరను కఱచునపుడు అది డాలువలె కంటిని కాపాడును. తెల్లసొరకు ఆ పొర లేదు. అది కఱచు సమయమున కనుగుడ్డునే వెనుకకు త్రిప్పుకొనును. దూరమునకు ఆ కన్ను కేవలము నల్లగ తోచునుగాని, కంటిపాప చుట్టునుండు వలయము నిజముగ ముదురు నీలివర్ణము గలది. ఇక రంగుల మాట. ఆస్ట్రేలియా దేశపు పరిశోధకులు 17 జాతుల సొరల దృష్టిపటలములను పరీక్షించి 2011లో ప్రకటించినదానినిబట్టి, సొరలలో చాలవఱకు రంగుల భేదము నెఱుగనట్లు తోచుచున్నది. అవి వెలుగునీడల తారతమ్యమునుబట్టి ఎరను కనిపెట్టును.

ఎరను సమీపించి కంటిని దాచుకొనిన క్షణమున ఆ జంతువు గ్రుడ్డిదగునా? కాదు. దాని ముట్టెమీద సూదిమొనతో పొడిచినట్లు సన్నని రంధ్రములు పెక్కులుండును. చర్మమునందలి యిట్టి రంధ్రములను స్టెనో గమనించెను. ఫ్లారెన్సునకు చెందిన లొరెంజీని యను పండితుడు 1678లో వానిని విపులముగ వర్ణించెను. జీవుల దేహములనుండి పుట్టు సూక్ష్మవిద్యుత్తును అవి గుర్తించునని ఇరువదవ శతాబ్దమున గాని తెలియలేదు. ఇంకొక విశేషము గలదు. కన్నీటి మూలమును లోకమునకు చూపిన స్టెనో యెదుట నుంచబడిన యీ జంతువునకు కన్నీటిగ్రంథియే లేదు. దానికి కన్నీటితో పనిలేదు. సముద్రమే దాని కంటిని రేయింబవళ్లు కడుగుచుండును.

సొరచేప కన్నును చూచిన స్టెనో దాని దంతములను చూచినపుడు మఱియొక సంగతి ఆయనకు స్ఫురించెను. మధ్యధరాసముద్రమున మాల్టా ద్వీపము కలదు. మన తెలుగు బైబిలులో మెలితే యనబడునది అదియే. ఓడ పగిలి ఆ ద్వీపము చేరిన పౌలు చేతిని సర్పము పట్టినను ఆయనకు హాని కలుగలేదని అపొస్తలుల కార్యములలో చదువుచున్నాము. ఆ ద్వీపపు రాళ్లలో నాలుకవలె మొనదేలిన నున్నని రాళ్లు విశేషముగ దొరకును. అవి శపింపబడిన సర్పముల నాలుకలని కొందఱును, గ్రహణకాలమున ఆకాశమునుండి రాలినవని కొందఱును, రాతిలో తమంత తామే మొలచినవని కొందఱును నమ్ముచుండిరి. విషమునకు విఱుగుడని వానిని కొని దాచుకొనుటయు కలదు. ఆ నాలుకరాళ్లును, తన యెదుట నున్న సొరచేప దంతములును ఒకే యచ్చున పోసినట్లుండుట స్టెనో కనిపెట్టెను. ఈ పోలికను ఆయనకు ముందే ఒకరిద్దఱు చెప్పియుండిరి; ఆ మాటను ఆయన దాచలేదు. ఐతే సముద్రజంతువు దంతము కొండరాతిలోనికి ఎట్లు వచ్చెనో క్రమముగ విచారించినవాడు స్టెనో.

ఆయన తర్కము మన విద్యార్థులకును బోధపడునంత సులభమైనది. రాతిలో మొలచు వస్తువే యైనయెడల, చెట్టువేరు గోడను బీటలు వాపినట్లు, అది చుట్టునున్న రాతిని పగులగొట్టవలెను. అట్టి పగుళ్లు లేవు. కావున దంతము ముందే యుండెను. దానిచుట్టు మెత్తని బురద చేరి తరువాత గట్టిపడెను. ఆ బురద నీటియడుగున పేరుకొన్నది. కాబట్టి నేడు కొండయై యున్న చోటు ఒకప్పుడు నీటిక్రింద నుండెను. ఈ యాలోచనను పెంచి 1669లో ఆయన మఱియొక చిన్న గ్రంథము ప్రకటించెను. పొరలుగా నున్న భూమిలో క్రిందిపొర ముందుగను, పైపొర వెనుకగను ఏర్పడెననియు, నీటియడుగున పేరుకొను పొరలు మొదట సమతలముగ నుండుననియు, అవి వంగియున్నయెడల తరువాత కదలింపబడినవనియు అందు చూపెను. నేటి భూగర్భశాస్త్రమునకు ఇవియే పునాదులు. స్ఫటికములు పెద్దవైనను చిన్నవైనను వాని ముఖముల నడుమ కోణములు మాఱవను సూత్రమునకును మూలము ఈ గ్రంథమే.

స్టెనో తాను చూచిన పొరలను పరిశుద్ధగ్రంథమునందలి సృష్టి క్రమముతోను, నోవహు జలప్రళయముతోను పొందుపఱచి వివరించెను. తరువాతివారు ఆయన సూత్రములనే త్రాడుగా పట్టుకొని లోతునకు దిగి, భూమి వయస్సు సుమారు 450 కోట్ల సంవత్సరములని తెలిసికొనిరి. ఆయన ఊహించిన కాలమునకును ఈ కాలమునకును పోలికయే లేదు. ఐనను ఆయన సూత్రములు చెడలేదు. ఆయన కొలిచిన సృష్టికర్త మహిమయు తగ్గలేదు. కాలము విస్తారమైనకొలది, దానిని కలుగజేసినవాని గొప్పతనము మనకు మఱింత విశాలముగ కనబడుచున్నది.

1667 నవంబరులో స్టెనో దీర్ఘవిచారము చేసి రోమను కథోలిక సంఘమున చేరెను. తాను పుట్టిన సంఘమును విడుచుట ఆయనకును, ఆయన బంధుమిత్రులకును సులభము కాలేదు. మన మిషను సంఘములవారు ఈ విషయమున ఆయనతో ఏకీభవింపకపోయినను, సత్యమని తాను నమ్మినదానికొఱకు గౌరవమును, ఉద్యోగమును పణమొడ్డిన ధైర్యమును మెచ్చుకొనక తప్పదు. 1672 మొదలు 1674 వఱకు స్వదేశమున రాజు కోరికమీద శరీరశాస్త్రమును బోధించి, మరల ఫ్లారెన్సునకు వచ్చి 1675లో గురుపట్టము పొందెను. 1677లో బిషప్పుగ నియమింపబడి జర్మనీ ఉత్తరభాగమునకు బోయెను. హానోవరున గొప్ప గణితశాస్త్రజ్ఞుడగు లైబ్నిట్సుతో ఆయనకు పరిచయము కలిగెను. అంతటి పరిశోధకుడు పరిశోధన మానుకొనెనే యని లైబ్నిట్సు విచారించెను.

ఈ విచారము నేటికిని కొందఱిని బాధించుచున్నది. ఆయన భక్తిలో బడి విజ్ఞానమును ద్వేషించెనా? అట్లనుటకు ఆధారము లేదు. ఆయన తన గ్రంథములను ఖండింపలేదు. తాను కనుగొన్న దేనిని అబద్ధమనలేదు. గొఱ్ఱె తలను, సొరచేప తలను పరీక్షించినంత శ్రద్ధతో దరిద్రుల యక్కఱలను చూచుట మొదలుపెట్టెను. తన బిషప్పు ఉంగరమును, సిలువను అమ్మి బీదలకు పంచిపెట్టెననియు, తాను పాత యంగీతో, కఠినోపవాసములతో కాలము గడపెననియు చెప్పుదురు. మున్‌స్టరు, హాంబర్గు పట్టణములలో పనిచేసి, తుదకు ష్వేరినునందు తీవ్రమైన కడుపునొప్పితో బాధపడి 1686లో కాలధర్మము నొందెను. అప్పటికి ఆయన వయస్సు నలువది యెనిమిదేండ్లే. టస్కనీ ప్రభువు ఆయన దేహమును ఫ్లారెన్సునకు తెప్పించి సంత్ లొరెంజో దేవాలయమున సమాధి చేయించెను. 1988 అక్టోబరు 23న రెండవ జాన్ పాల్ పోపు ఆయనను ధన్యుడని ప్రకటించెను.

విద్యార్థులారా, స్టెనోకు మనకున్న సాధనములు లేవు. ఒక కత్తి, ఒక సలాక, రెండు కన్నులు, వానికి మించిన ఓపిక, ఇవే ఆయన సంపద. సొరచేప కంటియందలి అద్దపుపొర చేయు పనిని, ముట్టెయందలి రంధ్రముల ప్రయోజనమును ఆయన యెఱుగడు; ఎఱిగినట్లు నటింపనులేదు. ఆయన విడిచిన చోటనుండి వేఱొకరు మొదలుపెట్టిరి. వారు విడిచిన చోటనుండి మీలో నొకరు మొదలుపెట్టవచ్చును. పుస్తకములో నున్నదను కారణముచేత దేనిని కంఠస్థము చేసి విడువకుడి. చేతికందినంతవఱకు దానిని చూడుడి. చూచినదానిని ఉన్నదున్నట్లు చెప్పుడి. ఎంతటి పెద్దవాడు కాదన్నను, మీరు చూచినది సత్యమైనయెడల మర్యాద తప్పక, మాట మార్చక నిలువుడి. కన్నును కలుగజేసిన దేవుడు మనము కన్నులు మూసికొనవలెనని కోరడు.